బోధపడినదా, అమ్మాయీ?

బాలిక పాఠశాలనుండి వచ్చి పుస్తకముల సంచి దింపినతోడనే తల్లి యడుగు ప్రశ్నలు మనకందఱకును తెలిసినవే. లెక్కలలో నేమి చెప్పిరి? ఇంగ్లీషు పాఠ మెంతవఱకు జరిగినది? పరీక్ష లెప్పుడు? ఈ ప్రశ్నల నడుమ "ఈ దినము ఆటల గంటలో నేమి నేర్చుకొంటివి?" అనునది మాత్ర ముండదు. పరుగెత్తుట, చెమట పట్టుట, బట్టలు మాపుకొని వచ్చుట తప్ప ఆటలలో నేర్చుకొనవలసిన దేమున్నదని మన యభిప్రాయము. నేను ఇరువది రెండేండ్లుగా గోదావరి తీరమందలి యొక పట్టణమున బాలికల యున్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయినిగా నున్నాను. పిల్లలు "పీఈటీ టీచర్" అందురు. వారి యమ్మమ్మలు నేటికిని "డ్రిల్లు టీచరమ్మ" అనియే అందురు. నాకు రెండవ పేరే యిష్టము. సోదరీమణులు ఒక్క గంటసేపు నా వెంట ఎండలోనికి వచ్చి, అక్కడ నేర్పున దేమో, పిల్లకు అది బోధపడినదో లేదో కనుగొనుట యెట్లో చూడవలెనని నా కోరిక.

తరగతి గదిలో చెప్పువారి కొక సౌకర్యము గలదు. నోటుపుస్తకము తెప్పించి చూచినచో లెక్క తప్పినదో ఒప్పినదో తెలిసిపోవును. నాకు నోటుపుస్తకము లేదు. నలుబది మంది బాలికలు, రెండు బంతులు, ఒక ఈల, నలుబదియైదు నిమిషములు, ఇదియే నా సంపద. ఆట నియమము వివరించి "అర్థమైందా?" అని యడిగినచో నలుబది కంఠములు ఒక్కమాఱే "అయింది టీచర్!" అనును. ఆ కేకకు సంతోషించి ఈల వేసితినా, రెండు నిమిషములలో మైదానము సంతబజారగును. అట్లని ఆ "అయింది" అనుమాట అబద్ధమని నేననను. అది మన యాడపిల్లలకు ఉగ్గుపాలతో నేర్పిన మర్యాద. పెద్దలడిగినప్పుడు "ఆఁ" అనవలెను. "తెలియలేదు" అనినచో నలుగురిలో నగుబాటు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి అత్తగారు పులుసు పెట్టు విధమంతయు గడగడ చెప్పి "తెలిసిందా అమ్మాయీ?" అని యడుగును. "తెలిసిందండీ అత్తయ్యగారూ" అని తల యూపి, వంటయింటిలోనికి పోయి చింతపండు ముందా బెల్లము ముందా యని గిన్నెవంక చూచుచు నిలుచుండిన కోడండ్రు మనలో నెందఱు లేరు?

మా వృత్తి పుట్టువుకూడ కొంత యిందులకు కారణము. పాఠశాలలలోనికి ఈ విద్య తొలుత సిపాయిల కవాతు రూపమున వచ్చినది. 1920లో హారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసున వై.ఎం.సి.ఏ. వారి వ్యాయామ శిక్షణాలయమును స్థాపించి ఆటలు నేర్పు పద్ధతులను ఉపాధ్యాయులకు బోధింప మొదలిడినను, ఆజ్ఞ యిచ్చుట, ఆజ్ఞ పాలించుట యను నలవాటు మమ్ము పూర్తిగా విడువలేదు. "కుడికి తిరుగు" అనినచో అందఱును తిరుగుదురు. చూచువారికి ముచ్చటగా నుండును. కాని యెవరు విని తిరిగిరి? ఎవరు ముందున్న జడను చూచి తిరిగిరి? ప్రక్కగా నిలిచి కనిపెట్టినచో తెలియును. చూచి తిరుగు పిల్ల అరక్షణ మాలస్యముగా తిరుగును. నేను చేయు మొదటి పరీక్ష మిక్కిలి సులువైనది. వరుసల నన్నిటిని వెనుకకు త్రిప్పి నిలువబెట్టుదును. ఇంతవఱకు చిట్టచివర దాగియున్నవారు ఇప్పుడు మొదటివారగుదురు. వారి ముందు చూచుకొనుటకు జడలుండవు. అప్పుడు కుడియెడమల జ్ఞానము ఎవరికెంత యున్నదో బయటపడును. ఎవరిని మందలించు పనియు లేదు. మఱల చెప్పవలసినది ఎవరికో నాకు తెలిసినచో చాలును.

ముగ్గులు వేయు మనకు ఈ సంగతి క్రొత్తది కాదు. సంక్రాంతి దినములలో ప్రక్కయింటి పిల్ల మన ముగ్గు చూచి, ఏడు చుక్కలు ఏడు వరుసలు పెట్టి అచ్చముగ నట్లే దింపును. వచ్చినదనుకొందుము. "అమ్మాయీ, ఇదే ముగ్గును తొమ్మిది చుక్కలతో వేయు" మనుడు. గీతను మాత్రమే చూచిన పిల్ల పిండి చేతితో నట్లే నిలిచిపోవును. చుక్కకును గీతకును గల సంబంధము గ్రహించిన పిల్ల క్షణమాలోచించి, మెలికను పెంచుకొనుచు పోవును. ఆటలోను అంతియే. స్త్రీల చెడుగుడు బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. నడిగీతకు 3 మీటర్ల దూరమున బాక్ లైను ఉండును. కూతకు పోయిన పిల్ల యెవరినీ తాకలేకపోయినను ఆ గీతనైన దాటి రావలెను, లేనిచో ఔటు. ఈ నియమమును పిల్లలందఱు చిలుకలవలె అప్పగింతురు. నేను సున్నపు గీతను కాలితో చెఱిపివేసి, "ఈ గీత లేకపోతే ఆట ఏమవుతుంది?" అని యడుగుదును. కొందఱు నవ్వుదురు. ఒకతె మాత్రము, "నడిగీత దగ్గరే నిలబడి ముప్పయి సెకన్లూ కూత కూసి వచ్చేస్తారు టీచర్. ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళరు" అనును. ఈ పిల్లకు బోధపడినది. ఇక గీత యెక్కడ గీసినను, ఎంతమంది మిగిలినను ఆమె తన బుద్ధితో ఆడగలదు.

అయితే ఒక చిక్కున్నది. పుస్తకపు చదువులో తెలిసినవాడు వ్రాయగలడు, వ్రాయగలిగినచో తెలిసినట్లే. దేహవిద్యలో ఈ రెండును వేఱువేఱు దారుల నడచును. చేయి తిరిగినదందుము గదా! చేయి తిరిగియు సంగతి తెలియనివారు కొందఱు. సంగతి తెలిసియు చేయి తిరుగనివారు మఱికొందఱు. మొదటివారికి బహుమతులు వచ్చును. రెండవవారికి "ఆటకు పనికిరాదు" అను బిరుదు వచ్చును. ఈ రెండవ బాలికల గుఱించియే నేనీ వ్యాసము వ్రాయ పూనుకొంటిని. వారి కథకు వచ్చుటకు ముందు, బోధపడకున్న దేహమునకే హాని కలుగు నొక్క విషయమును చెప్పక తప్పదు.

అది ఎగిరి దిగుట. వాలీబాలులో బంతికై యెగిరినను, పొడవు దూకినను, నేలకు దిగు క్షణమున మోకాళ్ళు రెండును లోపలికి వ్రాలి దగ్గఱయగుట బాలికలలో తఱచుగా కనిపించును. యౌవనము వచ్చిన పిదప ఇట్టి యాటలలో మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు తెగుట బాలురలోకంటె బాలికలలో పలురెట్లు అధికమని వైద్యులు గుర్తించినారు. అది తెగినచో నెలలకొలది ఆటకు దూరముగా నుండవలెను. శస్త్రచికిత్సయు కావలసి రావచ్చును. కావున మోకాలు పాదపు వ్రేళ్ళకు నేరుగా నుండునట్లు, నడుమును మోకాళ్ళను వంచి మెత్తగా దిగవలెనని నేర్పుదును. నేర్చిరో లేదో తెలిసికొనుటకు కండ్లకంటె చెవులు మేలు. అందఱను కన్నులు మూసికొమ్మని, ఒక్కొక్కతెను దూకుమందును. "దబ్బు"మనినచో అందఱును ఎడమచేయి ఎత్తవలెను. పిల్లి గోడదిగినట్లు చప్పుడు లేకున్న కుడిచేయి. తీర్పు చెప్పువారును నేర్చుకొందురు, దూకినవారును నేర్చుకొందురు. ఒక్కొక్కప్పుడు ఫోనులో దృశ్యము తీసి మెల్లగా నడిపి చూపుదును. మోకాలినుండి క్రిందికి మాత్రమే తీయుదును. పిల్లల మొగములు నా ఫోనులో నుండుట నాకు సమ్మతము కాదు.

ఆ దినము చక్కగా దిగినంతమాత్రమున నేర్చినట్లు కాదు. ఎదుట టీచరు నిలిచి చూచుచుండగా అందఱును జాగ్రత్తగానే దిగుదురు. మూడు వారములు కడచిన పిదప, ఆట వేడిలో, ఎవరును చూచుట లేదని తలచినప్పుడు, దూరమునుండి కనిపెట్టవలెను. అప్పుడును మోకాలు నిలిచినచో నా పుస్తకమున ఆ పేరు కెదురుగా చిన్న చుక్క పెట్టుదును.

నాడి చూచుట కూడ నిట్టిదే. పరుగు కాగానే మణికట్టుపై వ్రేళ్ళుంచి 10 సెకనులు లెక్కించి ఆఱుతో గుణించినచో నిమిషమునకు గుండె యెన్ని మాఱులు కొట్టుకొనుచున్నదో తెలియును. అంతకంటె సులువు మార్గము మాటలాడుట. మాటలాడగలిగియు పాట పాడలేకపోయినచో శ్రమ తగినంత యున్నది. మాటయే రానిచో మితిమీఱినది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 5 మొదలు 17 ఏండ్లవఱకు గల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషముల చుఱుకైన శ్రమ కావలెనని 2020లో చెప్పిరి. మా పిల్లలకు వారమునకు దొరకు గంటలే రెండు మూడు. మాఘమాసము వచ్చినచో ఆ గంటలను గూడ లెక్కల మాస్టారు అప్పు పుచ్చుకొందురు. ఆ యప్పు తీరుట నేనెన్నడు నెఱుగను. ఆఱవ యెక్కము మాత్రము నా మైదానములోనే బాగుగా వచ్చుచున్నదని వారితో ననుచుందును.

నలుగురిలో "రాలేదు" అని చెప్పుటకు సిగ్గుపడు పిల్లలకై చింతపిక్కల యుపాయ మొకటి చేసితిని. మూడు ముంతలకు బట్టగట్టి, చేయి దూరునంత సందు విడిచి, నీళ్ళ కుళాయికి పోవు దారిలో నుంచుదును. ఇతరులకు నేర్పగలను అనుకొను పిల్ల మొదటి దానిలో, చేయగలను అనుకొను పిల్ల రెండవదానిలో, ఇంకను తికమకగా నున్న పిల్ల మూడవదానిలో ఒక్క పిక్క వేయవలెను. చేయి యే ముంతలో పిక్క విడిచినదో ప్రక్కపిల్లకు కనబడకుండ మూటియందును చేయి పెట్టి తీయవలెనని నియమము. ఒకనాడు "అయింది టీచర్!" అని మైదాన మదరునట్లు అఱచిన నలుబదియొక్క మందిలో పదునేడు పిక్కలు మూడవ ముంతలో దొరకినవి. మఱునాడు క్రొత్త పాఠము చెప్పక పాతదే యింకొక విధమున చెప్పితిని.

ఇక ఆ బాలిక సంగతి. గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో నుండెను. స్థూలకాయ. వర్షాకాలము మొదట తల్లి చీటి తెచ్చి యిచ్చెను: తమ యమ్మాయికి ఆటలు పడవు; ఆ గంటలో కూర్చుండి చదువుకొననిండు, అని. ఇట్టి చీటీలు నాకు ఏటేట వచ్చుచునే యుండును. ఎండకు నల్లబడుననియు, నెలసరి దినములనియు, ట్యూషను పరీక్షలనియు కారణములు. కొన్ని న్యాయమైనవే. నేను కాదనక, అయితే గ్రంథాలయమున గాక మైదానపు వేపచెట్టు క్రిందనే కూర్చుండి లెక్క వ్రాయుమని చెప్పితిని. రెండు నెలలు ఆమె వేపపండ్లు రాలుచుండగా పలకమీద లెక్క వ్రాయుచు కూర్చుండెను. తోటిపిల్లలు కొందఱు ఆమెను "బస్తా" అని పిలుచుట నా చెవిని పడినది; పడిన దినముననే ఆ మాట నా మైదానమున వినబడరాదని శాసించితిని. కాని శాసనము మైదానపు గోడ దాటి పోదు గదా.

ఆ దినములలో మేము ఖోఖో నేర్చుకొనుచుంటిమి. పాఠశాలలలో ఆడు ఖోఖోలో ఎనమండుగురు నడుమబాటపై వరుసగా, ఒకతె తూర్పునకు, ఒకతె పడమటికి మొగము పెట్టి కూర్చుందురు. తొమ్మిదవది తరుమును. తరుమునది నడుమబాటను దాటరాదు. ఒక దిక్కునకు అడుగు వేసిన పిదప వెనుకకు తిరుగరాదు. పాఱిపోవుదాని కీ కట్టుబా ట్లేవియు లేవు. కూర్చున్నవారి సందులనుండి ఇటునటు దూఱవచ్చును. కనుక తరుమునది, చివరి స్తంభమును చుట్టి వచ్చుట కోపిక లేనిచో, కూర్చున్న యొకతెను వెనుకనుండి తట్టి "ఖో" అని లేపి, తానా చోట కూర్చుండవలెను. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ ఖోఖో పోటీలలో మన స్త్రీల జట్టు నేపాలు జట్టును ఓడించి గెలిచినది మొదలు మా పిల్లల కీ యాటపై మోజు హెచ్చినది. అందఱును బాణములవలె పరుగెత్తుదురు. పరుగే ఆట యనుకొందురు.

ఒకనాడు ఆట నడుమ ఈల వేసి అందఱను ఎక్కడివా రక్కడ నిలువుమంటిని. తరుము పిల్ల తూర్పువైపున అయిదవ గడి వెనుకకు వచ్చియున్నది. పాఱుపిల్ల ఆఱవ, ఏడవ గడుల సందున దూఱి అప్పుడే పడమటికి పోయినది. "అందరూ కళ్ళు మూసుకోండి. ఇప్పుడు ఖో ఎవరికివ్వాలి? గడి నంబరు వేళ్ళతో చూపించండి" అంటిని. కన్నులు మూసికొన్నచో ఒకరి వ్రేళ్ళు ఒకరు చూచుట కుదరదు. దాదాపుగా అందఱును ఆఱు వ్రేళ్ళు చూపిరి. పాఱుపిల్లకు దగ్గఱ ఆఱవదే గదా! తరగతిలో నందఱికంటె వేగముగా పరుగెత్తు పిల్లయు ఆఱే చూపెను. నలుగురు మాత్రము అయిదు చూపిరి. వేపచెట్టు క్రింద, పలక ఒడిలో పెట్టుకొని, గట్టిగా కన్నులు మూసికొని యొక చేయి అయిదు వ్రేళ్ళును చాచియుండెను.

"ఆరు ఎందుకు కాదమ్మా?" అని ఆమెనే యడిగితిని. ఆమె లేచి నిలుచుండి చాలసేపు మాటలాడలేదు. నేను తొందరపెట్టలేదు, ప్రశ్న అడిగి పది సెకనులైన ఓపిక పట్టలేని టీచరునకు పిల్లల జవాబులు ఎన్నటికిని వినబడవు. తుదకు మెల్లగా ననెను: "ఆరు మనవైపు ముఖం పెట్టి కూర్చుంది టీచర్. మన వైపే వస్తుంది. ముఖం కనిపించేవాళ్ళు మనకి సాయం చెయ్యలేరు. వీపు కనిపించేవాళ్ళే మనకు అవతలికి దారి."

ఇరువది రెండేండ్లలో ఖోఖోను నేనంత క్లుప్తముగా నెవరికిని చెప్పియుండలేదు. మైదానము నిశ్శబ్దమాయెను. వేగముగా పరుగెత్తు పిల్ల వచ్చి "మళ్ళీ చెప్పవే" అని యడిగెను. ఆమె మఱల చెప్పెను. ఈమాఱు చేతితో చూపి చెప్పెను.

తల్లిని ఒకమాఱు రమ్మని కబురు పంపితిని. శనివారమున అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చినది. కూర్చుండకమునుపే, "మేడంగారూ, దాన్ని బలవంతపెట్టకండి. ఆ చీటీ నేను రాసింది కాదు, అది నా కాళ్ళావేళ్ళా పడి రాయించుకుంది. ఆటల గంట ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది" అనెను. పెద్దామె, "ఒళ్ళు బరువమ్మా, దానికి ఆటలేం వస్తాయి? ఆ వేళకి లెక్కల ట్యూషను పెట్టిద్దామనుకుంటున్నాం" అని తీర్పు చెప్పెను. నేను వాదింపలేదు. వారిద్దఱను వరండాలో కూర్చుండబెట్టి, ఆఱవ తరగతి పిల్లలకు ఖోఖో చెప్పుమని ఆ బాలికను పంపితిని.

ఆమె చిన్నపిల్లల చెప్పులు ఎనిమిది తీసికొని, నేలపై వరుసగా, ఒకటి తూర్పునకు ఒకటి పడమటికి త్రిప్పి పెట్టినది. ఒక గులకరాయిని పాఱుపిల్లగా, ఒక వేపపండును తరుము పిల్లగా చేసినది. చెప్పినది తక్కువ, అడిగినది యెక్కువ. "ఇప్పుడు ఏ చెప్పు లేవాలి?" అని యడుగుట, పిల్ల తప్పు చూపినచో "ఆ చెప్పు ఎటు చూస్తోంది?" అని మఱల అడుగుట. "అర్థమైందా?" అని యొక్కమాఱును అనలేదు. అది నేను నేర్పినది కాదు. చెట్టు క్రింద కూర్చుండి రెండు నెలలు నన్ను చూచి తానే పట్టుకొన్నది. తల్లి చాలసేపు చూచి, "ఇంట్లో నోరు విప్పదండీ" అని మాత్ర మనెను. పెద్దామె ఏమియు ననక తన చెప్పులవంక చూచుకొనెను.

చీటి రద్దు కాలేదు, మాఱినది. ఆడవచ్చును గాని యెవరును నవ్వరాదని యా రెండవ చీటిలో నుండెను. ఆమెను నడిమి గడులలో కూర్చుండబెట్టితిని. అక్కడ దూరపు పరుగుకంటె ఎప్పుడు ఎవరికి ఖో ఇచ్చుట యను వివేకము ముఖ్యము. ఆమె నేటికిని వేగముగా పరుగెత్తలేదు. మండల పోటీలకు జట్టులో ఎంపిక కాలేదు. లెక్క వ్రాయుటకు వచ్చినది. కాని ఆట విరామమున మా జట్టు పిల్లలు నీళ్ళసీసాలు పట్టుకొని నేరుగా ఆమె చుట్టును మూగుట చూచితిని. ఆటల గంట గల ఉదయములలో కడుపునొప్పి వచ్చుట లేదని తల్లి చెప్పినది. మోకాలు ఇంకను కొంచెము లోపలికి వ్రాలుచున్నది. దానిపై మే మిద్దఱమును పనిచేయుచున్నాము.

పోయిన నెలలో ఆ తల్లివద్దనుండి మూడవ చీటి వచ్చినది. ఇంటిలో పీటలు, చేటలు వరుసగా పేర్చి అమ్మాయి తమ్ముళ్ళకును నానమ్మకును ఆట చెప్పుచున్నదనియు, తనకు అంతయు తెలిసినది గాని తరుము పిల్ల వెనుకకు తిరుగరాదను నియమ మెందులకో మాత్రము బోధపడలేదనియు, అమ్మాయి నడుగగా "నువ్వే ఆలోచించు" అని నవ్వుచున్నదనియు, దయచేసి నేనైన జవాబు వ్రాయవలెననియు అందులో నుండెను. శనివారము నాలుగు గంటలకు మైదానమునకు రమ్మనియు, చీర కుచ్చెళ్ళు కొంచెము పైకి దోపుకొనవలసి యుండుననియు ఆ చీటి వెనుకనే వ్రాసి పంపితిని.